బొంత ఒకరిది, కుట్టు మరొకరిది: పొరలను కలిపే చేతుల కథ

నాలుగు పాత నేతచీరలు, ఒక పంచె, రంగు వెలిసిన రెండు లుంగీలు. ఇవన్నీ ఆ ఇంటివే. కానీ వాటిని ఉతికి ఆరబెట్టి, చిరుగులు సరిచూసి, ఒకదానిపై ఒకటి పరచి, నాలుగు మూలలూ బిగువుగా లాగి, ఈ అంచు నుంచి ఆ అంచు వరకు వరుసలు వరుసలుగా కుట్టి బొంతగా మార్చే పని చాలా ఊళ్ళలో మరొకరిది. వయసు మీదపడి పొలం పనికి వెళ్ళలేని అవ్వో, వీధి వీధి తిరిగి బొంతలు కుట్టి ఇచ్చే ఆమెనో ఆ పని చేస్తుంది. కొన్నేళ్ళు గడిచాక ఆ బొంతలో ఏ గుడ్డ ఎవరి పెళ్ళిచీరదో ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. కుట్టిన చేయి ఎవరిదో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ మరపు తెలుగు పల్లెలకే పరిమితం కాదు. బెంగాల్ కాంథా, బిహార్ సుజనీ మొదలుకొని అమెరికాలోని క్విల్ట్ వరకు, పొరల గుడ్డ పరిశ్రమ ఉన్న ప్రతిచోటా ఒకరు మొదలుపెట్టిన దాన్ని మరొకరు పూర్తిచేసే ఆనవాయితీ ఉంది. కొన్నిచోట్ల అది కూలి పని, కొన్నిచోట్ల సేవ, మరికొన్నిచోట్ల వృత్తి. చేసేవారిలో చాలామంది దాన్ని ఇష్టంతోనే చేస్తారు. అయితే ఇష్టంతో చేసే పనికి పేరెందుకు, ధరెందుకు అన్న భావన కూడా ఆ ఇష్టాన్ని అంటిపెట్టుకునే ఉంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

కుట్టు లేనిదే బొంత లేదు

రజాయి, బొంత, క్విల్ట్ — పేరు ఏదైనా నిర్మాణం దాదాపు ఒకటే. పైన కంటికి కనిపించే పొర, అడుగున ఒంటికి తగిలే పొర, నడుమ వెచ్చదనం ఇచ్చే పొర. చలి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో నడుమ దూదిని గానీ ఉన్నిని గానీ పరుస్తారు. మన బొంతలోనూ బెంగాల్ కాంథాలోనూ సాధారణంగా దూది ఉండదు. పాత గుడ్డలే నడుమ పొరలవుతాయి. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డకు ఉన్న గుణం కొత్త గుడ్డకు రాదు. పసిపిల్లలకు కొత్త పరుపు కంటే పాతచీరల బొంతే హాయి అని పెద్దవాళ్ళు అనడానికి కారణం అదే.

ఈ పొరలను కలపని పక్షంలో అవి ఒకదానిపై ఒకటి జారుతూనే ఉంటాయి. నడుమ దూది ఉంటే మొదటి ఉతుకుకే అది ముద్దలు కట్టి ఒక మూలకు చేరుతుంది. అందుకే అడ్డంగా, నిలువుగా, లేదా అల్లికలా ఒక క్రమంలో మూడు పొరల గుండా దారం నడవాలి. ఆంగ్లంలో క్విల్టింగ్ అనేది కచ్చితంగా ఈ పనికే పేరు. ముక్కలు ఏరి అతికి పైపొరను తయారుచేయడం వేరే పని. చూసేవారి కన్ను మొదట ఆ రంగుల ముక్కల మీద పడుతుంది కనుక ప్రశంస కూడా అక్కడే ఆగిపోతుంది. దాన్ని ఏళ్ళ తరబడి కప్పుకోగలిగేలా చేసేది మాత్రం రెండో పని.

ఆ రెండో పని పైకి కనిపించేంత సులువు కాదు. ముందుగా పొరల మధ్య ముడత లేకుండా పరచాలి. పెద్ద పెద్ద కచ్చాకుట్లతో వాటిని తాత్కాలికంగా నిలపాలి. తర్వాత అసలు కుట్టు మొదలవుతుంది. కుట్టే చేయి పైన, దాన్ని అందుకునే చేయి కింద ఉంటాయి. కింది చేతి వేలికి సూదిమొన తగిలినప్పుడే మూడు పొరలూ పట్టాయని తెలుస్తుంది. ఆరితేరినవారు అంగుళానికి పది, పన్నెండు కుట్లు సమానంగా వేయగలరు. ఒక మంచం పట్టే బొంతకు ఇలా ఎన్ని వేల కుట్లు పడతాయో లెక్కవేస్తే, ఆ పనిని చేయించుకోవాలని ఎందుకు అనిపిస్తుందో వెంటనే అర్థమవుతుంది. పైపొర అతకడంలో ఉన్న ఉత్సాహం చాలామందికి ఇక్కడికి వచ్చేసరికి తగ్గిపోతుంది. అలా సగంలో ఆగిన పైపొరలు ప్రపంచమంతటా పెట్టెల అడుగున మడతపెట్టి ఉన్నాయి.

విల్లుతో వచ్చినవారు

భారతదేశంలో ఇతరుల బొంతలకు ప్రాణం పోసిన వృత్తుల్లో దూది ఏకేవారిది ప్రధాన స్థానం. తెలుగునాట దూదేకులవారు, నూర్‌బాషాలు, ఇతర ప్రాంతాల్లో పింజారీలు, మన్సూరీలు, నద్దాఫ్‌లు అని పిలిచే సముదాయాలు తరతరాలుగా ఈ పని చేశాయి. మనిషి ఎత్తు విల్లును భుజాన వేసుకుని ఊరికి వచ్చేవారు. ఇంటి వసారాలో పాత రజాయిని విప్పి, గట్టిపడిన దూదిని కుప్పగా పోసి, విల్లు తాడును చెక్క గుంజతో మోదేవారు. తాడు కంపనానికి దూది విడిపోయి నురగలా లేచేది. ఆ తాడు మోత విని వీధిలో పిల్లలు చుట్టూ చేరేవారు.

దూది ఏకడంతో వారి పని ముగిసేది కాదు. ఏకిన దూదిని గుడ్డ మీద సమంగా పరచి, సన్నని బెత్తంతో తట్టి, పొడవాటి సూదితో, లావు దారంతో పొరలను కలిపి ఇచ్చేవారు. గుడ్డ ఇంటివారిది, దూది ఇంటివారిది, కొన్నిసార్లు దారమూ ఇంటివారిదే. వారు తెచ్చుకున్నది విల్లూ సూదీ నేర్పూ మాత్రమే. కొన్నేళ్ళకోసారి అదే రజాయిని మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టేవారు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది అమ్మకం కాదు, సేవ. దూది ఏకే యంత్రాలు వచ్చాక విల్లు మూలపడింది. కృత్రిమ పీచు నింపిన చవక రజాయిలు, ఫ్యాక్టరీ దుప్పట్లు వచ్చాక విప్పి కుట్టించుకోవలసిన అవసరమే తగ్గింది. పాతబడితే పారవేయడమే.

వృత్తి పేరును ఇంటిపేరులా, కులం పేరులా మోసిన ఈ సముదాయాల్లో నేడు చాలామంది ఇతర ఉపాధుల్లో ఉన్నారు. వారు కుట్టిన రజాయిల్లో ఏ ఒక్కదాని మీదా కుట్టినవారి పేరు లేదు.

పేరు కుట్టిన కూతురు

పేరు ఉన్న బొంతలు లేకపోలేదు. కోల్‌కతాలోని గురుసదయ్ మ్యూజియంలో 19వ శతాబ్దానికి చెందిన ఒక కాంథా ఉంది. మానదాసుందరి దాసి అనే మహిళ తన తండ్రి కోసం దాన్ని కుట్టి, ఆ విషయాన్ని గుడ్డ మీదే అక్షరాలుగా కుట్టింది. ఎవరు కుట్టారో, ఎవరి కోసం కుట్టారో ఇంత స్పష్టంగా చెప్పే పాత కాంథాలు చాలా అరుదు. అందుకే కాంథా చరిత్ర రాసేవారు దాని దగ్గర తప్పక ఆగుతారు.

దానికంటే దాదాపు మూడు శతాబ్దాల ముందే బెంగాల్ సూది ఇతరుల కోసం పనిచేసింది. 16, 17 శతాబ్దాల్లో పోర్చుగీసు వర్తకులు హుగ్లీ తీరంలోని సాత్‌గావ్ ప్రాంతంలో పెద్ద పెద్ద పడక దుప్పట్లను ప్రత్యేకంగా కుట్టించుకుని లిస్బన్‌కు తీసుకువెళ్ళారు. తెల్లని నూలుగుడ్డపై పసుపుపచ్చని టస్సర్ పట్టుదారంతో చేసిన ఈ దుప్పట్లను కోల్చాలు అంటారు. వాటిలో బైబిల్ గాథలు, గ్రీకు పురాణ పాత్రలు, ఓడలు, టోపీలు పెట్టుకున్న వేటగాళ్ళు కనిపిస్తారు. కథలు కొనేవారివి, చేయి కుట్టేవారిది. ఆ దుప్పట్లు నేడు లండన్, బోస్టన్ మ్యూజియాల్లో ఉన్నాయి. కుట్టినవారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

ఆధునిక కాలంలో కాంథా పనికి గుర్తింపు పెరిగింది. పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. కాంథా కళాకారిణి ప్రీతికణా గోస్వామికి 2023లో, తక్‌దీరా బేగంకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. ప్రీతికణా గోస్వామి ఈ కళలోకి వచ్చిన తీరు ఇక్కడ చెప్పుకోదగినది. తండ్రి మరణం తర్వాత ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో, స్నేహితురాలు సగంలో వదిలి వెళ్ళిన చీర మీద ఆమె సూది పట్టుకుని చూశారు. తిరిగి వచ్చిన స్నేహితురాలికి ఏది తన కుట్టో ఏది కాదో తేడా తెలియలేదు. ఆ తర్వాతే ఆమెకు కుట్టుపని ఆర్డర్లు దొరికాయి. ఒక పద్మశ్రీ ప్రయాణం మరొకరి అసంపూర్తి పనిని ముందుకు నడపడంతో మొదలైందన్నమాట.

అయితే పురస్కారం అందుకునేవారు ఇద్దరు ముగ్గురు. కాంథా పరిశ్రమ నడిచేది ఇళ్ళలో కూర్చుని కుట్టే వేలమంది మహిళల మీద. ఒకరు నమూనా గీస్తారు, మరొకరు దాన్ని గుడ్డ మీదికి దించుతారు, ఇంటింటికీ గుడ్డ పంచి తిరిగి తీసుకునేవారు మరొకరు. కుట్టేవారికి ముక్కకు ఇంత అని కూలి. ఇంటిపనుల మధ్య గంట ఇక్కడ, రెండు గంటలు అక్కడ కుట్టడం వల్ల ఒక గుడ్డకు మొత్తం ఎన్ని గంటలు పట్టాయో కుట్టినవారికే లెక్క ఉండదు. లెక్కలేని కాలానికి ధర నిర్ణయించడం కొనేవారికి తేలిక.

మూలకు పువ్వు, చింకిపాతల అమ్మ

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, ముండగోడ, యల్లాపుర తాలూకాల్లో నివసించే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. వారి మహిళలు కుట్టే బొంతను కవంద్ అంటారు. దీని పద్ధతే వేరు. పైపొరను ముందుగా విడిగా అతికి సిద్ధం చేసుకోరు. అడుగుపొరగా ఒక చీరను పరచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట ముక్కలు పెడుతూ, పెట్టిన ముక్కను పెట్టినట్టే అన్ని పొరలతో కలిపి కుట్టుకుంటూ నడిమికి చేరతారు. ముక్కలు అతకడం, పొరలు కలపడం ఇక్కడ రెండు పనులు కావు, ఒకటే పని. మొదలుపెట్టినవారూ ముగించినవారూ వేరని చెప్పే అవకాశమే ఉండదు.

చివరగా నాలుగు మూలల్లో మడతలు వేసిన త్రికోణపు ముక్కలను కుడతారు. వాటిని ఫూల, అంటే పువ్వు అంటారు. ఆ పువ్వులు లేని కవంద్‌ను సిద్దీ మహిళలు నగ్నంగా ఉన్నదిగా భావిస్తారు. ఉపయోగం దృష్టితో చూస్తే ఆ త్రికోణాల అవసరం ఏమీ లేదు. అవి లేకపోయినా చలి ఆగుతుంది. కానీ పని పూర్తయిందని ప్రకటించేది ఆ పువ్వే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన కళాచరిత్రకారుడు హెన్రీ జాన్ డ్రూవల్ 2004 నుంచి ఈ మహిళలతో కలిసి పనిచేసి, వారు సహకార సంఘంగా ఏర్పడడానికి తోడ్పడ్డారు. 2011లో న్యూయార్క్‌లోని షాంబర్గ్ కేంద్రంలో ఈ బొంతల ప్రదర్శన జరిగింది. సొంత మనవల కోసం కుట్టే బొంత ఎక్కడో ముఖం తెలియనివారి గోడకు చేరింది.

బిహార్ సుజనీ కూడా పుట్టుకలో ఇంటికోసం కుట్టినదే. పుట్టబోయే బిడ్డకు పాత చీరల ముక్కలు కలిపి మెత్తని బొంత కుట్టడం అక్కడి ఆచారం. చింకిపాతలకూ ఒక దేవత ఉందని, ఆమె చితిరియా మా అని అక్కడివారి నమ్మకం. విడిపోయిన ముక్కలన్నీ కలిస్తే ఒకటవుతాయన్న భావన ఆ పూజ వెనుక ఉంది. 1980ల చివరలో ముజఫ్ఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో సుజనీని ఉపాధిగా మలిచే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఆడపిల్లల చదువు, వరకట్నం, ఎన్నికల వంటి విషయాలను అక్కడి మహిళలు బొమ్మలుగా కుట్టడం అప్పటి నుంచే విస్తరించింది. 2006లో సుజనీకి భౌగోళిక గుర్తింపు, 2025లో ఆ గ్రామానికి చెందిన నిర్మలాదేవికి పద్మశ్రీ లభించాయి. ఊరు పేరు, మనిషి పేరు రెండూ గుడ్డతో కలిసి ప్రయాణించిన అరుదైన సందర్భం ఇది.

దారం కొలిచి కూలి

ఇతరుల బొంతలను పూర్తిచేయడం పూర్తిస్థాయి వృత్తిగా, ధరల పట్టికతో సహా, స్థిరపడింది మాత్రం అమెరికాలో. ఆ దేశపు క్విల్ట్‌కు తెలుగు తీరంతో ఒక పాత బంధం ఉంది. మచిలీపట్నంతో సహా కోరమండల్ తీరంలో అద్దిన కలంకారీ గుడ్డలు 17, 18 శతాబ్దాల్లో ఐరోపాకు, అక్కడి నుంచి అమెరికాకు చేరాయి. పలంగ్‌పోష్ అన్న మాట ఆంగ్లంలో పాలంపోర్ అయింది. ఖరీదైన ఆ గుడ్డ నుంచి ఒక్కో పువ్వునూ పక్షినీ కత్తిరించి, సాదా గుడ్డపై దూరదూరంగా అతికి, చిన్న ముక్కతో పెద్ద దుప్పటి తయారుచేసుకున్నారు అక్కడి గృహిణులు. ఇక్కడ అద్దకం వేసినవారి పని అక్కడ మరొకరి చేతిలో ముగిసింది.

19వ శతాబ్దపు అమెరికా పల్లెల్లో పైపొర సిద్ధమయ్యాక ఇరుగుపొరుగు మహిళలను పిలిచేవారు. పెద్ద చట్రానికి బిగించిన బొంత చుట్టూ కూర్చుని అందరూ తలా ఒక వైపు కుట్టి, సాయంత్రానికి పూర్తిచేసి, భోజనం చేసి వెళ్ళేవారు. మన ఊళ్ళలో అప్పడాలకో, వడియాలకో నలుగురూ చేరినట్టుగా ఉండేది ఆ సందడి. చర్చిల్లోని మహిళా బృందాలు ఇదే పనిని డబ్బుకు చేసి, వచ్చిన సొమ్మును ధర్మకార్యాలకు వాడేవి. వాటిలో చాలా బృందాలు కూలిని నిర్ణయించిన పద్ధతి ఆసక్తికరం. ఎంత దారం పట్టిందో గజాల్లో కొలిచి, గజానికి ఇంత అని తీసుకునేవి. కుట్టు ఎంత దట్టమైతే దారం అంత ఎక్కువ. కనిపించని పనిని కొలవడానికి ఇంతకంటే నిజాయితీ గల కొలబద్ద దొరకడం కష్టం.

1980ల నుంచి లాంగ్‌ఆర్మ్ యంత్రాలు ఈ రంగాన్ని మార్చివేశాయి. ఇంట్లోని కుట్టుమిషన్‌లో గుడ్డను సూది కిందికి నెట్టాలి. మంచమంత బొంతను చుట్టచుట్టి ఆ చిన్న సందులో దూర్చడం భుజాలు విరిగే పని. లాంగ్‌ఆర్మ్‌లో బొంత పది, పన్నెండు అడుగుల చట్రంపై కదలకుండా ఉంటుంది. పట్టాలపై నడిచే యంత్రమే దాని మీద తిరుగుతుంది. పిడులు పట్టుకుని కుట్టేవారు గుడ్డపై దారంతో బొమ్మ గీసినట్టు నడిపిస్తారు. నేడు కంప్యూటరే నడిపే యంత్రాలూ ఉన్నాయి. యంత్రం ఖరీదు వేల డాలర్లు. కనుక అందరూ కొనలేరు. కొన్నవారు ఇతరుల కోసం కుడతారు.

కొలత చదరపు అంగుళాల్లో. ఉదాహరణకు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల బొంత 4,800 చదరపు అంగుళాలు. అంగుళానికి రెండు సెంట్లు అనుకుంటే 96 డాలర్లు. ఒకే అల్లిక అంచు నుంచి అంచు వరకు నడిచే సాదా పనికి ధర తక్కువ. ప్రతి ముక్కకూ తగిన కుట్టును ఆలోచించి వేసే పనికి దానికి ఎన్నో రెట్లు. అడుగుపొర నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలని, దారపు పోగులు కత్తిరించి పంపాలని షరతులు ఉంటాయి. పైపొర వంకరగా అతికి ఉంటే చట్రానికి ఎక్కించగానే బయటపడుతుంది. అప్పుడు దాన్ని తీర్చిదిద్దడమో, సున్నితంగా వెనక్కి పంపడమో కుట్టేవారి వివేకం. ఒకరు నెలల తరబడి అతికిన గుడ్డను చేతిలోకి తీసుకోవడం చిన్న బాధ్యత కాదు. తప్పు కుట్టు పడితే ఒక్కొక్క పోగూ విప్పాలి. విప్పిన చోట సూది రంధ్రాలు మిగలకూడదు.

యంత్రంతో కుట్టినది కళ అవుతుందా అన్న వాదన అక్కడ చాలాకాలం నడిచింది. కెంటకీ రాష్ట్రంలోని పడూకాలో ఏటా జరిగే పోటీలో 1989లో క్యారిల్ బ్రయర్ ఫాలర్ట్ యంత్రంతో కుట్టిన ‘కరోనా 2: సోలార్ ఎక్లిప్స్’కు అత్యున్నత బహుమతి రావడంతో ఆ వాదనకు దెబ్బ తగిలింది. యంత్రపు కుట్టుకు ఆ బహుమతి దక్కడం అదే మొదటిసారి. ఆ తర్వాత మరో ప్రశ్న ముందుకు వచ్చింది. పైపొర ఒకరిది, కుట్టు మరొకరిది అయితే బహుమతి ఎవరిది? నేడు పలు ప్రదర్శనల్లో ఇద్దరు కలిసి చేసిన బొంతలకు వేరే విభాగం ఉంది. అతికినవారి పేరు, కుట్టినవారి పేరు రెండూ రాయాలన్న నియమం ఉంది. ఆలస్యంగా వచ్చినా ఇది న్యాయమైన మార్పే.

అదే దేశంలో దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో ఆమిష్ మతస్థుల బొంతలకు పర్యాటకుల్లో గిరాకీ పెరిగిన రోజుల్లో, వాటి కుట్టుపనిలో గణనీయమైన భాగాన్ని లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ మహిళలు చేశారు. తరతరాల సూదిపని నేర్పు వారిది. దుకాణంలో అమ్ముడుపోయింది మాత్రం ఆమిష్ పేరు. ఆమిష్ బొంతల చరిత్రకారిణి జానెకెన్ స్మకర్ 2013లో వెలువరించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని వివరంగా చర్చించారు. కొనేవారు కోరుకున్నది ఒక కథ. ఆ కథలో హ్మాంగ్ మహిళలకు చోటు లేదు.

డబ్బు లేని చోట

కూలి మాటే లేకుండా ఈ పని చేసేవారి సంఖ్యా తక్కువ కాదు. యుద్ధాల్లో పాల్గొన్న సైనికులకు బొంతలు ఇవ్వాలని 2003లో క్యాథరిన్ రాబర్ట్స్ ప్రారంభించిన క్విల్ట్స్ ఆఫ్ వేలర్ ఉద్యమంలో పని విభజన స్పష్టంగా ఉంది. పైపొర చేసేవారు ఒకరు, లాంగ్‌ఆర్మ్‌పై కుట్టేవారు ఒకరు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒక బొంత పూర్తవుతుంది.

2022లో మొదలైన లూజ్ ఎండ్స్ ప్రాజెక్ట్ మరింత సున్నితమైన పనిని చేపట్టింది. మేసీ కప్లాన్, జెనిఫర్ సిమోనిక్ అనే ఇద్దరు మిత్రులకు చేతి అల్లికలంటే ఇష్టం. తమ స్నేహితురాలి తల్లి మరణించాక ఇంట్లో సగం అల్లిన దుప్పట్లు మిగిలి ఉండడం చూసి వారికి ఈ ఆలోచన వచ్చింది. మరణించినవారు, లేదా అనారోగ్యంతో చేయి ఆడనివారు వదిలిన పనిని పూర్తిచేయగల స్వచ్ఛంద కార్యకర్తను వెతికి ఆ కుటుంబానికి జత చేస్తారు. కూలి తీసుకోరు. అల్లికలతో పాటు క్విల్ట్‌లనూ స్వీకరిస్తారు.

ఇక్కడ నైపుణ్యం ఒక్కటే చాలదు. పోయినవారు ఏ దిక్కున వెళ్ళదలచుకున్నారో గుడ్డను చూసి ఊహించాలి. ముక్కలకు సరిపడే పాతకాలపు అచ్చు దొరకకపోతే దగ్గరి రంగు వెతకాలి. తల్లి కుట్టులో ఎక్కడైనా వంకర ఉంటే సరిచేయాలా, వదిలేయాలా? చాలా కుటుంబాలు వదిలేయమనే కోరుకుంటాయి. ఆ వంకర కుట్టే వారికి కావలసినది. ఏ వరుస దగ్గర అమ్మ చేయి ఆగిందో తెలిసేలా అక్కడ ఒక చిన్న గుర్తు ఉంచమని అడిగేవారూ ఉంటారు. తన కుట్టు కనబడకూడదని కొందరు, కనబడాలని కొందరు. ఏది సరైనదన్న దానికి నియమం లేదు. అడిగి తెలుసుకోవడమే మార్గం.

ఎందుకు చేస్తారు మరి? ఇతరుల బొంతపై పని చేసేటప్పుడు రంగుల ఎంపిక, ముక్కల అమరిక అప్పటికే అయిపోయి ఉంటాయి. మిగిలింది చేతి కదలిక, దాని లయ. వరుస తర్వాత వరుస పడుతున్నకొద్దీ చదునుగా ఉన్న గుడ్డ చిన్న చిన్న ఎత్తుపల్లాలుగా లేస్తుంది. వెలుతురు పక్క నుంచి పడితే ప్రతి కుట్టు పక్కనా సన్నని నీడ కనిపిస్తుంది. తాము ఎన్నడూ ఎంచుకోని రంగులతో పని చేయడం కొత్త పాఠం. అన్నింటినీ మించి, పని పూర్తవుతుంది. రోజంతా చేసినా మర్నాటికి మళ్ళీ మొదటికి వచ్చే ఇంటిపనులతో పోలిస్తే, అంచుపట్టీ కుట్టి దారం కొరికిన క్షణానికి ఉన్న తృప్తి వేరు.

ఈ తృప్తిని అడ్డుపెట్టి కూలి తగ్గించడం మాత్రం పాత అలవాటు. అలబామా రాష్ట్రంలో పేద నల్లజాతి మహిళలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘాన్ని స్థాపించుకున్నది దీన్ని ఎదుర్కోవడానికే. ఓటుహక్కు ఉద్యమం సాగుతున్న రోజులవి. కుట్టడం వారికి చిన్ననాటి నుంచీ తెలుసు. కుట్టినదానికి తామే ధర చెప్పడం కొత్త. ఆ ప్రాంతంలోని గీస్ బెండ్ మహిళల బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ప్రదర్శించింది. 2006లో అమెరికా తపాలాశాఖ వాటితో బిళ్ళలు విడుదల చేసింది.

మ్యూజియాలకు చేరే బొంతలు కొన్నే. మిగిలినవి వాడకంలో అరిగిపోతాయి. అరిగినదాన్ని కూడా పారవేయరు. అమెరికా పల్లెల్లోనూ, మన దేశంలోని బొంతల ప్రాంతాల్లోనూ చిరిగిన పాత బొంతను కొత్త బొంతకు నడుమ పొరగా వాడే అలవాటు ఉంది. పాతదాని మీద కొత్త చీర పరచి, కింద మరో గుడ్డ వేసి, మళ్ళీ అంచు నుంచి కుట్టు మొదలుపెడతారు. కొత్తగా కుట్టేవారి సూది గట్టిగా తగిలి ఆగిన చోటల్లా లోపల మరొకరి దారం ఉంటుంది.